ఏటి అడుగున చేపల ఇళ్లు
చూపిస్తున్న ధ్వని యంత్రం - చూసినవాడు ఏం చేస్తాడన్నదే ప్రశ్న

2019 సెప్టెంబరు 15న గోదావరి వరద మీద ఉంది. పాపికొండల విహారానికి బయలుదేరిన రాయల్ వశిష్ఠ పడవ అప్పటి తూర్పు గోదావరి జిల్లా దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర మునిగిపోయింది. ప్రాణాలతో బయటపడినవారు 26 మంది. మిగిలినవారి కోసం, పడవ కోసం రోజుల తరబడి గాలింపు సాగింది. వరద నీరు ఎర్రమట్టి రంగు. గజ ఈతగాడు లోపల కళ్లు తెరిచినా తన చెయ్యి తనకు కనిపించని పరిస్థితి. అటువంటి నీటిలో, 200 అడుగులకు పైగా లోతున పడవ ఫలానా చోట ఉందని తెలిసింది కంటితో కాదు, ధ్వనితో. సైడ్ స్కాన్ సోనార్ అనే యంత్రం ఆ చోటు పట్టి ఇచ్చింది.

తరువాత కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం లంగర్లు, ఇనుప తాళ్లు వేసి రోజుల తరబడి పెనుగులాడటం, విశాఖ నుంచి వచ్చిన గజ ఈతగాళ్లు నీటి అడుగుకు దిగటం, అక్టోబరు 22న పడవ ఒడ్డుకు చేరటం పాఠకులకు గుర్తుండే ఉంటుంది. యంత్రం చోటు చూపింది. మనిషి చెయ్యి పైకి తెచ్చింది.

ఆనాడు విషాదంలో పేరు విన్న ఆ యంత్రానికి బుల్లి తమ్ముడు ఒకటి ఉంది. ఒక చిన్న పడవకు తగిలించుకోవచ్చు. చిన్న టీవీ పెట్టె అంత తెర, బ్యాటరీ, పడవ వెనుక నీటిలో మునిగి ఉండే అరచేతి పొడవు ముక్క - సామాను అంతే. విదేశాలలో చేపలు పట్టేవారు, మత్స్య శాస్త్రజ్ఞులు దీనితో చేపలు దాగే చోట్లను వెతుకుతున్నారు. నీళ్లలో చేపను బేరమాడినట్లు అని సామెత. నీళ్లలో చేప ఇంటికి చిరునామా రాసే రోజు వచ్చిందన్నమాట.

ధ్వనితో తీసే బొమ్మ

సోనార్ కిటుకు చాలా పాతది. కొండ ఎదుట నిలబడి కేక వేస్తే కేక తిరిగి వస్తుంది. ఎంతసేపటికి వచ్చిందో లెక్క కడితే కొండ ఎంత దూరమో తెలుస్తుంది. నీటిలో ధ్వని గాలిలో కంటే నాలుగు రెట్లకు పైగా వేగంగా, సెకనుకు సుమారు 1,500 మీటర్లు పోతుంది. 30 మీటర్ల దూరాన ఉన్న రాయిని తాకిన ధ్వని సెకనులో నూరింట నాలుగో వంతు కాలంలో తిరిగి వస్తుంది. ఆ ఇసుమంత కాలాన్ని యంత్రం కొలుస్తుంది.

జపాన్‌లో ఫురునో సోదరులు 1948లో చేపల జాడ తీసే ధ్వని యంత్రాన్ని ఆచరణలోకి తెచ్చారు. ఇవాళ మన తీరంలో మర పడవలవారు వాడే ఎకో సౌండర్ ఆ కోవదే. అది పడవ కింద నిట్టనిలువుగా మాత్రమే చూస్తుంది. బావిలోకి తొంగిచూసినట్లు సరిగ్గా కింద ఉన్నది కనిపిస్తుంది, పక్కన ఉన్నది తెలియదు.

పక్కలు చూసే యంత్రం దారి వేరు. దాని ధ్వని ముందు వెనుకలకు కత్తి అంచులా సన్నగా, కుడి ఎడమలకు విసనకర్రలా వెడల్పుగా పోతుంది. పడవ కదులుతూ ఉంటే ఒక్కొక్క ధ్వనికి ఒక్కొక్క గీత తెర మీద పడుతుంది. నేతగాడు పోగు పక్కన పోగు వేసినట్లు గీత పక్కన గీత చేరి చివరకు ఏటి అడుగు మొత్తం బొమ్మగా తయారవుతుంది. అమెరికాలో మార్టిన్ క్లైన్ అనే ఇంజనీరు 1967లో రెండు పక్కలూ చూసే ఇటువంటి యంత్రాన్ని వ్యాపార సరళిలో తయారు చేశారు. అప్పట్లో అది నౌకల వెనుక తాడు కట్టి లాగవలసిన పెద్ద సరంజామా. మునిగిన ఓడలు వెతికేవారికే అందుబాటులో ఉండేది. 2005 ప్రాంతంలో హమ్మిన్‌బర్డ్ అనే అమెరికా కంపెనీ దీనిని చిన్న పడవలకు తగినట్లు కుదించి అమ్మకానికి పెట్టటంతో గాలం వేసేవాడి చేతికి కూడా వచ్చింది.

మనిషి చెవి వినగలిగేది సెకనుకు 20 వేల కంపనాల వరకే. ఈ చిన్న యంత్రాలు వాడే ధ్వని సాధారణంగా 4 లక్షల 55 వేల కంపనాలు, కొన్నిటిలో 8 లక్షలు. కంపనాలు పెరిగేకొద్దీ బొమ్మ స్పష్టంగా వస్తుంది, కాని చూపు దూరం తగ్గుతుంది. వెలుతురుతో పని లేదు కనుక బురద నీరైనా, అర్ధరాత్రి అయినా యంత్రానికి ఒకటే.

నీడే కొలబద్ద

తెర మీద బొమ్మ చదవటం ఒక విద్య. రాయి, గులక, ఇనుము వంటి గట్టి వస్తువులు ధ్వనిని గట్టిగా తిప్పికొడతాయి కనుక మెరుస్తూ కనిపిస్తాయి. మెత్తని ఒండ్రు ధ్వనిని మింగుతుంది, మసకగా ఉంటుంది. ఇసుక మేట అలలు అలలుగా, చీర కుచ్చిళ్ల మాదిరి కనిపిస్తుంది. మధ్యలో నల్లని పట్టీ ఒకటి ఉంటుంది. కొత్తవాళ్లు దానిని గొయ్యి అనుకుంటారు. అది పడవకూ అడుగుకూ మధ్య ఉన్న ఉత్త నీరు.

అన్నిటికంటే ముఖ్యమైనది నీడ. పడిన చెట్టు వెనుకకు ధ్వని పోదు కనుక అక్కడ నల్లని నీడ పడుతుంది. సాయంత్రపు ఎండలో తాటిచెట్టు నీడ చూసి చెట్టు ఎత్తు చెప్పినట్లే, ఈ నీడను బట్టి అడుగున ఉన్న వస్తువు ఎత్తు చెప్పవచ్చు. లెక్క కూడా సులువే. పడవ కింద నీరు 20 అడుగులు, నీడ పొడవు 30 అడుగులు, యంత్రం నుంచి నీడ చివరకు దూరం 100 అడుగులు అనుకుందాం. 30ని 20తో గుణించి 100తో భాగిస్తే 6. అంటే అక్కడ నిలువెత్తు మోడు ఒకటి ఉంది. వల వేసేవాడికి ఆ ఒక్క అంకె చాలు.

చేపలు కూడా కనిపిస్తాయి. అడుగుకు పైన తెల్లని గింజల్లా చేపలు, వాటికి కాస్త దూరంగా నల్లని నీడలు పడతాయి. అయితే అది బొచ్చె అయినదీ, వాలుగ అయినదీ యంత్రం చెప్పదు. పడవ వంకరగా పోతే బొమ్మ సాగిపోతుంది. రాళ్ల మీద నురుగెత్తి పారే చోట గాలి బుడగలు ధ్వనిని చెదరగొడతాయి. నాచు దట్టంగా ఉంటే అడుగు సరిగా తెలియదు. తిన్నగా, నెమ్మదిగా, ఒకే వేగంతో పడవ నడిపినవాడికే మంచి బొమ్మ దక్కుతుంది. అంటే ఇక్కడా సరంగు చెయ్యే ప్రధానం.

చేప అక్కడే ఎందుకుంటుంది?

ఉత్త ఇసుక మీద చేప నిలవదు. ప్రవాహానికి ఎదురీదుతూ ఎంతసేపని ఉంటుంది? రాయి చాటున, పడిన మాను వెనుక నీరు నెమ్మదిస్తుంది. అక్కడ చేపకు ఒంటి బలం మిగులుతుంది. మునిగిన కొయ్యకు పాచి పడుతుంది. పాచికి పురుగులు, నత్తలు చేరతాయి. వాటి కోసం చిన్న చేపలు, చిన్న చేపల కోసం పెద్ద చేపలు వస్తాయి. కొమ్మల సందు పిల్లలకు దాగుడుచోటు, కొన్ని రకాలకు గుడ్లు పెట్టే చోటు. అస్సాంలో ఏటి నీటిలో చెట్ల కొమ్మలు గుట్టగా వేసి, చేపలు చేరిన తరువాత చుట్టూ వల కట్టి పట్టే పద్ధతి ఉన్నది. సముద్రంలో సిమెంటు దిమ్మెలు దించి కృత్రిమ దిబ్బలు కట్టటం వెనుక ఉన్న సూత్రం కూడా ఇదే. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో ఇటువంటి దిబ్బలకు చోటు కల్పించారు.

వేసవిలో మడుగుల సంగతి మరీ ముఖ్యం. నది పాయలు పాయలుగా చీలి మోకాటి లోతుకు దిగినప్పుడు తల్లి చేపలు లోతు మడుగులకు చేరతాయి. తొలకరి పడి కొత్త నీరు వచ్చేదాకా వాటికి అదే పుట్టిల్లు. ఆ మడుగు ఒక్కటి ఖాళీ అయితే మరుసటి ఏడాది ఆ రేవులో వల విదిల్చినా రాలేది చెత్తే.

అమెరికా ఏట్లో చేసిన పని

ఇవన్నీ మాటలే కావు, లెక్కగా పటం వేసినవారున్నారు. అమెరికాలో జార్జియా రాష్ట్ర సహజ వనరుల శాఖలో పనిచేసిన ఆడమ్ కేజర్, థామస్ లిట్స్ అనే ఇద్దరు, అంగడిలో దొరికే చిన్న యంత్రాన్నే పడవకు కట్టుకుని ఇచవేనోచవే అనే ఏట్లో తిరిగారు. కలప దుంగలను తెప్పలుగా కట్టి ఏట్లో వదిలిన పాత కాలంలో మునిగిపోయిన దుంగలు ఆ ప్రాంతపు ఏళ్ల అడుగున ఉన్నాయి. గోదావరిలో భద్రాచలం వైపు నుంచి రాజమండ్రికి టేకు తెప్పలు దిగిన సంగతి తెలిసిన పెద్దలకు ఇది వింతగా తోచదు. ఆ పాత కలపకు మంచి ధర ఉంది. తీసి అమ్ముకోవాలని కొందరు, తీస్తే చేపల ఇల్లు కూలిపోతుందని కొందరు. అసలు అడుగున ఎంత కొయ్య ఉందో తెలియకుండా వాదం ఎలా తేలుతుంది?

కేజర్, లిట్స్ సోనార్ బొమ్మలు తీసి, పటం మీద పరిచి, నీటిలో దిగి సరిచూశారు. 2008లో కొయ్య లెక్కను, 2010లో ఏటి అడుగున ఇసుక ఎక్కడ, రాయి ఎక్కడ అని విడదీసి పటం గీసే పద్ధతిని ప్రచురించారు. ఖరీదైన నౌకలు, పెద్ద సరంజామా లేకుండానే మైళ్ల కొద్దీ ఏటి అడుగును పటం వేయవచ్చని తేలింది. మరొక సంగతి కూడా వారి పనిలో గమనించదగినది. యంత్రం చూపినదంతా నిజమని వారు నమ్మలేదు. దిగి చూసి, తాకి, సరిపోయిందా లేదా అని లెక్క కట్టారు.

గెడ, సీసపు గుండు, కొండ గుర్తు

మన గంగపుత్రులకు అడుగు తెలియదనుకుంటే పొరపాటు. గోదావరి మీద సరంగు గెడ దించి, అది తగిలిన తీరును బట్టి కింద ఇసుకా, ఒండ్రా, రాయా చెబుతాడు. తాడుకు సీసపు గుండు కట్టి దించి ఇన్ని బారలు అని లోతు చెప్పటం తాతల నాటి విద్య. విశాఖ తీరాన వేటకు పోయేవారు ఒడ్డున ఉన్న కొండలను ఒకదానితో ఒకటి సరిచూసుకుని, రెండు గీతలు కలిసిన చోట వల దించుతారు. కింద రాతి దిబ్బ ఉందని వారికి ఎరుక. తండ్రి కొడుక్కి చెప్పే ఆ గుర్తులు ఏ కాగితం మీదా లేవు.

హైదరాబాదులోని ఇంకాయిస్ సంస్థ చేపలు దొరికే అవకాశమున్న ప్రాంతాలను మత్స్యకారులకు తెలియజేస్తోంది. ఆకాశంలోని ఉపగ్రహం సముద్రపు పైనీటి వేడిని, పచ్చదనాన్ని చూసి చెప్పే సమాచారం అది. ఉపగ్రహం పైనుంచి చూస్తుంది, అడుగును చూడదు. పైనీటి కబురు ఉపగ్రహానిది, అడుగు కబురు సోనారుది, ఈ రెంటి మధ్య నలభై ఏళ్లుగా వల వేసిన మనిషి అనుభవం. మూడూ ఒక చోట చేరితే వచ్చే పటం మాటలు కాదు.

వలలు మింగే అడుగు

కృష్ణ మీద శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. వేసవిలో నీరు దిగినప్పుడు సంగమేశ్వరాలయం బయటపడటం చూడటానికి జనం వెళతారు. గుడి బయటపడుతుంది. దానితో పాటు మునిగిన ఊళ్ల గోడలు, బావుల ఒరలు, చెట్ల మోళ్లు ఎన్నో అడుగునే ఉంటాయి. కోస్తా జిల్లాల నుంచి వలస వచ్చి ఈ జలాశయాల ఒడ్డున గుడిసెలు వేసుకున్న కుటుంబాలకు అవి రెండు విధాలుగా కనిపిస్తాయి. చేప అక్కడే ఉంటుంది. వల కూడా అక్కడే చిరుగుతుంది.

అప్పు తెచ్చి కొన్న వల మోడుకు తగులుకుని తెగిపోతే నష్టం అంతటితో ఆగదు. నూలు వల అయితే కొన్నాళ్లకు కుళ్లిపోయేది. నైలాను వల కుళ్లదు. దిక్కులేని ఆ వల అడుగున ఏళ్ల తరబడి చేపలను చంపుతూనే ఉంటుంది. ఆ చేప ఎవరి బుట్టలోకీ రాదు.

ఇక్కడ అమెరికాలో వర్జీనియా రాష్ట్రం చేసిన పని చెప్పుకోవాలి. అక్కడ చెసపీక్ అనే సముద్రపు పాయలో పీతలు పట్టే ఇనుప తీగ బోనులు లెక్కలేనన్ని తెగి అడుగున పడి ఉండేవి. 2008లో చలికాలపు పీతల వేట ఆపివేయటంతో బెస్తవారికి పని పోయింది. ప్రభుత్వం వారినే కూలికి పెట్టుకుని, వారి పడవలకు పక్కలు చూసే చిన్న సోనార్లు బిగించి, పోయిన బోనులు వెతికించింది. 2014 వరకు 34 వేలకు పైగా వస్తువులు, ఎక్కువ భాగం పీతల బోనులు, పైకి వచ్చాయి. ఈ పని వల్ల ఆరేళ్లలో అదనంగా వేటకు దక్కిన పీతల విలువ 2 కోట్ల డాలర్లకు పైనేనని 2016లో ప్రచురించిన అధ్యయనం లెక్క తేల్చింది.

మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవల వేట నిషేధం. పడవలు రేవులో కట్టేసి ఉంటాయి. ప్రభుత్వం భృతి ఇస్తోంది. ఆ రోజులలో కొన్ని పడవలకైనా ఇటువంటి యంత్రాలు బిగించి, తెగిన వలలు వెతికి తీసే పని అప్పగిస్తే భృతి కూలిగా మారుతుంది, కడలి అడుగు శుభ్రపడుతుంది.

మోడు తెలిసినవాడు మోసం చేస్తే?

యంత్రానికి మంచీ చెడూ తెలియవు. వేసవి మడుగులో తల్లి చేపలు గుంపుగా ఉన్న చోటును అది రక్షించేవాడికీ చూపుతుంది, ఊడ్చుకుపోయేవాడికీ చూపుతుంది. ఇంతకాలం చేపకు నీటి మసకే కోట. ఆ కోట గోడ ఇప్పుడు కూలింది. పైగా ఈ యంత్రాల ధర పదుల వేల రూపాయల నుంచి లక్షల దాకా పోతుంది. తెప్ప మీద బతికేవాడు కొనలేడు. కొనగలిగినవాడు ఒకే ఎండాకాలంలో పదూళ్ల మడుగులు గాలించగలడు. తరతరాలుగా మడుగు గుర్తు దాచుకున్న పేదవాడు ఒడ్డున నిలబడి చూడవలసి వస్తుంది.

చేప మీద దౌర్జన్యం కొత్త కాదు. నీటిలో మందుగుండు పేల్చటం, విషం కలపటం నేరమని 1897 నాటి భారత మత్స్య చట్టంలోనే ఉంది. చట్టం వచ్చి నూరేళ్లు దాటినా ఈ పాపం పూర్తిగా పోలేదు. గుడ్డిగా పేల్చేవాడికి చూపు కూడా తోడైతే ఏం మిగులుతుంది?

అందుకు విరుగుడు కూడా ఉంది. లావోస్ దేశంలో మెకాంగ్ నది మీద ఖోంగ్ ప్రాంతపు గ్రామాలవారు 1990 తరువాతి సంవత్సరాలలో తమ ఊరి ముందున్న లోతు మడుగులలో కొన్నిటిని చేపలకు వదిలివేశారు. అక్కడ వల వేయరాదని ఊరే కట్టుబాటు పెట్టుకుంది. అంత దూరం పోనక్కరలేదు. శృంగేరిలో తుంగ ఒడ్డున గుడి మెట్ల దగ్గర చేపలకు భక్తులు మరమరాలు వేస్తారు తప్ప గాలం వేయరు. భక్తి పేరుతో అయినా, కట్టుబాటు పేరుతో అయినా ఒక మడుగు మిగిలితే దాని పిల్లలు పది రేవులకు చేరతాయి.

నీరు రాకముందే రాసుకోవాలి

పోలవరం జలాశయం పూర్తిగా నిండిన నాడు గోదావరి ఒడ్డున ఎన్నో ఊళ్లు నీటి అడుగుకు పోతాయి. చింతతోపులు, రచ్చబండలు, బావులు, ఇళ్ల పునాదులు - అవే రేపటి చేపల ఇళ్లు, అవే రేపటి వలల గండాలు. ఏ ఊళ్లో ఏ తోపు ఎక్కడుందో ఇవాళ అక్కడివారికి తెలుసు. రెవెన్యూ పటాలలోనూ ఉంది. నీరు వచ్చిన తరువాత సోనార్ పెట్టి వెతకటం కంటే, రాకముందే గుర్తించి మత్స్యకార సహకార సంఘాల చేతికి పటం ఇవ్వటం తేలిక. తరువాత యంత్రం ఆ పటాన్ని సరిచూడటానికి పనికివస్తుంది.

ఒక్కొక్కరు కొనలేని యంత్రాన్ని సంఘం కొనగలదు. జలాశయానికి ఒకటి చాలు. మత్స్య శాఖవారు నడపటం నేర్పితే ఊరి కుర్రవాడే బొమ్మ చదువుతాడు. వలలు వేయకూడని మోళ్లు ఇవి, వేయదగిన బయళ్లు ఇవి, వేసవిలో ముట్టుకోరాని మడుగులు ఇవి అని మూడు రంగులలో పటం గీసి రేవులో గోడ మీద అతికించవచ్చు. మడుగుల గుర్తులు మాత్రం కాపలా ఏర్పాటైన తరువాతే బయటపెట్టటం మంచిది.

కచ్చులూరు దగ్గర యంత్రం ఆచూకీ చెప్పే నాటికి మునిగినవారికి మేలు జరిగే కాలం దాటిపోయింది. చేపల విషయంలో ఇంకా దాటిపోలేదు. మడుగులలో తల్లి చేపలు మిగిలి ఉన్నాయి. సంబంధిత అధికారులు, సహకార సంఘాల పెద్దలు ఈ ఎండాకాలం లోపలే ఆలోచించవలసిన విషయమిది. మడుగు ఎక్కడుందో డబ్బున్నవాడు కనిపెట్టేలోగా, అది ఎవరిదో ఊరు తేల్చుకోవాలి.